రెండో హారన్

పటాన్‌చెరులో సూర్యారావు డీజిల్ పంపుల షెడ్డు తొమ్మిదింటికి గానీ తెరవరు. వెంకటేశం మాత్రం ఏడింటికల్లా అక్కడ ఉంటాడు. రుద్రారంలో మొదటి బస్సు ఎక్కి, ఇస్నాపూర్, ముత్తంగి దాటి, పటాన్‌చెరులో దిగుతాడు. షెడ్డు పక్క ఖాళీ జాగాలో నిలబెట్టిన తన డీసీఎం వ్యాను తలుపు తాళం తీసి, స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. బండి కదలదు. రెండున్నర నెలల నుంచి ఇదే వరస. బస్సులో టికెట్ కొనుక్కుని వచ్చి సొంత బండిలో ఊరికే కూర్చునే డ్రైవరును ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు.

"ఏమయ్యా వెంకటేశం, డ్యూటీ ఎక్కేశావా?" అని షట్టర్ లేపుతూ సూర్యారావు రోజూ అడుగుతాడు.

"ఎక్కిన సార్. రోడ్డు ఖాళీగుంది," అంటాడు వెంకటేశం.

ఇద్దరూ నవ్వరు. సూర్యారావు నలభై ఏళ్ల కింద భీమవరం వైపు నుంచి ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, పటేల్‌గూడలో ఇల్లు కట్టుకుని, ఇంట్లో కూర్చోలేక ఈ షెడ్డు పెట్టుకున్నాడు. ఇంజన్లు పాడై వచ్చిన మనుషుల్ని చాలామందిని చూశాడు. తిట్టేవాళ్లుంటారు, ఏడ్చేవాళ్లుంటారు. ఇలా పొద్దున్నే వచ్చి గేరు రాడ్డు మీద చెయ్యి వేసుకుని అద్దంలోంచి గోడను చూస్తూ కూర్చునే మనిషి మాత్రం ఇతనే.

వెంకటేశానికి నలభై ఆరేళ్లు. వాళ్ల నాయన దున్నిన భూమి పారిశ్రామికవాడ కిందకి పోయింది. ఆ భూమిలో లేచిన కంపెనీకే నాయన కాపలాదారుగా చేరి, తన చేను గట్టు ఉన్నచోటే కుర్చీ వేసుకుని పదిహేనేళ్లు కూర్చుని చనిపోయాడు. వెంకటేశం మూటలు మోశాడు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపాడు, లైసెన్స్ తీసుకుని లారీ ఎక్కాడు. అదే లారీ మీద రెండో డ్రైవరు జైపాల్. ఇద్దరిదీ ఒకటే ఊరు. పదకొండేళ్లు షోలాపూర్, నాగపూర్, ఒక్కోసారి ఇండోర్ దాకా. ఒకడు నడుపుతుంటే ఒకడు వెనక బల్ల మీద పడుకునేవాడు. వెంకటేశానికి ఇంట్లో పరుపు మీద పట్టని నిద్ర, జైపాల్ గేర్లు మారుస్తుంటే పట్టేది. ఆ సంగతి భార్య శ్రీలత ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

తర్వాత ఇద్దరూ ఒకే నెలలో చెరొక డీసీఎం కొనుక్కున్నారు. జైపాల్ ఇల్లు ఊరి లోపల. రోడ్డెక్కాలంటే వెంకటేశం ఇంటి ముందు నుంచే పోవాలి. పొద్దున్నే ఆ మలుపు దగ్గరకు రాగానే జైపాల్ రెండు హారన్లు కొట్టేవాడు. లేచినవా, వస్తున్నవా అని అర్థం. వెంకటేశం తన బండిలోంచి తిరిగి రెండు కొట్టేవాడు. ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ దగ్గర కలిసేవాళ్లు. కళ్లు సరిగ్గా కనపడని వెంకటేశం తల్లి ముత్యమ్మ ఆ హారన్లు విని పొయ్యి అంటించేది. ఇంట్లో గడియారం ఉన్నా దాన్ని ఎవరూ చూసేవాళ్లు కాదు.

ఆ హారన్లు బండి చెడిపోవడానికి ఎనిమిది నెలల ముందే ఆగిపోయాయి.

పాశమైలారంలో అట్టపెట్టెల కంపెనీ ఒకటి ఇద్దరికీ చెరిసగం ట్రిప్పులిచ్చేది. ఒక రోజు సూపర్‌వైజర్ వెంకటేశాన్ని పిలిచి, ఇక నీ బండి అక్కర్లేదు, అన్నీ జైపాల్ బండికే అన్నాడు. నీ బండి టార్పాలిన్ కారుతుందని, పెట్టెలు తడుస్తాయని జైపాలే చెప్పాడని గేటు దగ్గర ఎవరో అన్నారు. టార్పాలిన్‌కు చిరుగు ఉన్న మాట నిజమే. ఆ చిరుగు కుట్టేటప్పుడు రెండో కొస పట్టుకున్నది కూడా జైపాలే. నువ్వు చెప్పినవా అని వెంకటేశం అడగలేదు. జైపాల్ తనంతట తాను ఏమీ చెప్పలేదు. మరుసటి పొద్దున మలుపులో రెండు హారన్లు మోగితే వెంకటేశం జవాబివ్వలేదు. అలా నాలుగు రోజులు. ఐదో రోజు హారన్లు లేవు. బండి చప్పుడు మాత్రం ఇంటి ముందు నుంచి పోయింది.

తర్వాత బోనాలొచ్చాయి. ఆ ఆదివారం వెంకటేశం బండిని కడిగి, బంతిపూల దండ కట్టి, అద్దానికి రెండువైపులా వేపమండలు పెట్టి ఇంటి ముందు నిలిపాడు. ముత్యమ్మ ఇత్తడి చెంబులో శాక కలిపింది. పసుపు, బెల్లం, వేపాకు వేసిన నీళ్లు. అమ్మవారికి పోసినట్టే బండికీ పోయడం ఆ ఇంట్లో బండి వచ్చిన ఏడాది నుంచీ ఉంది. నాలుగు చక్రాల చుట్టూ ధార పోస్తూ ఆమె గొణుక్కుంటుంటే వెంకటేశం చూశాడు, డప్పులు దగ్గరికి వస్తున్నాయని గుడి వైపు పోయాడు. తిరిగొచ్చేటప్పుడు జనంలోంచి ఇంకొకటి చూశాడు. జైపాల్ వెంకటేశం బండి డీజిల్ ట్యాంకుకు ఆనుకుని నిలబడి బీడీ తాగుతున్నాడు. వెంకటేశం రావడం చూసి బీడీ పడేసి వెళ్లిపోయాడు. ట్యాంకు మూతకు తాళం పోయి ఏడాదైంది. గుడ్డ చుట్టి బిగిస్తే నిలుస్తుంది, ఎవరు తిప్పినా వస్తుంది.

మంగళవారం జహీరాబాద్ లోడు. రుద్రారం దాటగానే డ్యాష్‌బోర్డు మీద, డీజిల్‌లో నీళ్లున్నాయని చెప్పే పసుపు లైటు వెలిగింది. వానాకాలంలో ఆ లైటు వెలగడం, ఆరడం మామూలే అనుకున్నాడు. కంది దగ్గర ఇంజన్ దగ్గింది. తెల్ల పొగ. ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఇంకో పదిసార్లు కొట్టాడు. చివరిసారి లోపల ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు విన్నాక డ్రైవరు అన్నవాడు ఇంక తాళం తిప్పడు. వెంకటేశం దిగి రోడ్డు పక్క గడ్డిలో కూర్చున్నాడు.

సూర్యారావు ఫిల్టర్ విప్పి వేలితో తడిమి, నాలుక చివరకు అంటించుకుని ఉమ్మేశాడు.

"తియ్యగా ఉందయ్యా. నీళ్లూ ఉన్నాయి, తీపీ ఉంది. బంకు వాడు నీళ్లు కలుపుతాడేమో గానీ చక్కెర కలపడు. ఎవడో పోశాడు."

ఇన్సూరెన్స్ సర్వేయరు పవన్‌కుమార్ వచ్చాడు. ముప్ఫై ఏళ్ల కుర్రాడు, మర్యాదస్థుడు. ఫొటోలు తీసుకుని, బండి చుట్టూ తిరిగి, ఉన్నమాట చెప్పాడు. "అన్నా, మీ పాలసీలో డీజిల్ చెడ్డదై ఇంజన్ పోతే ఏమీ రాదు. మీ వాళ్ల పొరపాటు వల్ల పోయినా రాదు. బయటివాళ్లు కావాలని పాడు చేస్తే వస్తుంది. కానీ పోలీసు కాగితం ఉండాలి. మళ్లీ నేను వచ్చేదాకా ట్యాంకు దింపకండి."

పంపు పోయింది, నాలుగు నాజిళ్లు పోయాయి, ఒక నాజిల్ కొస విరిగి పిస్టన్‌కు బొక్క పడింది. ఇన్సూరెన్స్ వస్తే బండి రోడ్డెక్కుతుంది. రాకపోతే ఎక్కదు. మధ్యేమార్గం ఏమీ లేదు.

ఠాణాలో రాసుకునే అతను తలెత్తకుండానే అడిగాడు. "ఎవల మీదనన్న అనుమానం ఉన్నదా?"

వెంకటేశం ఫ్యాను వైపు చూశాడు. ఎనిమిది నెలలుగా ఇంట్లో కూడా పలకని పేరు. "జైపాల్," అన్నాడు.

ఆ తర్వాత జైపాల్‌ను మూడుసార్లు పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టారు. కేసు తేలేదాకా నీ బండి లోపలికి రావొద్దని అట్టపెట్టెల కంపెనీ గేటు దగ్గర చెప్పేశారు. అతని డీసీఎం కూడా ఇంటి ముందు నిలబడిపోయింది. ఇప్పుడు పొద్దున్నే ఆ మలుపులో బండి చప్పుడు కూడా లేదు. ముత్యమ్మ రెండు రోజులు ఆలస్యంగా లేచి, ఏంది గిట్లయింది అని తనను తానే తిట్టుకుంది.

జైపాల్ ఒకసారి షెడ్డుకు వచ్చాడు. వెంకటేశం క్యాబిన్‌లో ఉన్నాడు. జైపాల్ కిందే నిలబడి, తలుపు మీద చెయ్యి కూడా వెయ్యకుండా అడిగాడు.

"నా పేరు చెప్పినవంట?"

"అనుమానం ఎవల మీద అని అడిగిండ్రు. చెప్పిన."

"మంచిగ చేసినవ్. పదకొండేండ్లు నా యెనక పండుకున్నవ్ గదరా. నోరు తెరుసుకొని గుర్రు పెడుతుంటివి. నీ నోట్ల పోసినా నీకు తెల్వకపోతుండె. పోసిన్నా?"

వెంకటేశం గేరు రాడ్డు మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"బండికి పోస్తనా ఇగ?" అని జైపాల్ వెనక్కి తిరిగాడు. రెండడుగులు పోయి ఆగాడు. "టార్పాలిన్ ముచ్చట నేను చెప్పలేదు. నువ్వు అడుగుతవని సూసిన. అడగకపోతివి."

ఆ మాటను వెంకటేశం నమ్మలేదు, నమ్మకుండా ఉండలేదు. బస్సులో ఇంటికి పోతూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ట్యాంకు పక్కన ఆ బీడీ మాత్రం కళ్ల ముందు నుంచి పోలేదు. ఆ రోజు నేరుగా పోయి ఏందిరా అని అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో అనుకున్నాడు. మళ్లీ, అడిగితే ఏం చెప్పేవాడో అనుకున్నాడు.

ట్యాంకు దింపే రోజు వచ్చింది. సర్వేయరు నాలుగింటికి వస్తానన్నాడు. అతను వచ్చేలోగా ఒకసారి చూద్దామని పొద్దున పదకొండింటికే సూర్యారావు ట్యాంకు బోల్టులు వదులు చేసి, అడుగున ఉన్నదంతా ఒక పెద్ద గాజు సీసాలోకి పట్టాడు. పైన డీజిల్ తేరింది. కింద బురద పసుపు రంగు నీళ్లు. సూర్యారావు ట్యాంకులోని వడపోత జాలీ బయటికి లాగి వెలుతురులో పెట్టి చూశాడు. తర్వాత పనివాళ్లిద్దరినీ చాయ్‌కి పంపేశాడు.

"వెంకటేశం, దిగు. ఇలా రా."

జాలీకి అంటుకుని మూడు ఆకులున్నాయి. నల్లబడ్డాయి గానీ, అంచుల రంపం ఆకారం పోలేదు. ఒక సన్నటి ఈనె.

"ఏం ఆకు ఇది?"

వెంకటేశం ఒక ఆకును గోటితో తిప్పి చూశాడు.

"నేను వచ్చి నలభై ఏళ్లయిందయ్యా ఈ ఊరికి. మా ఆవిడ వెంకటలక్ష్మి కూడా బోనం ఎత్తింది రెండేళ్లు. పసుపు, బెల్లం, వేపాకు. పగబట్టినవాడు పసుపు వేసి పొయ్యడు." సూర్యారావు జాలీని గుడ్డ మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "సర్వేయరు నాలుగింటికి వస్తాడు. ఈ ఆకులు తీసేసి, సీసాలో ఇంకాస్త నీళ్లు కలిపితే వట్టి తీపి నీళ్లే. పోలీసు కాగితం ఉంది. నేను నోరెత్తను, నా రిపోర్టులో తీపి నీళ్లనే రాస్తాను. అబద్ధం కూడా కాదు. కడగనా, వద్దా? నువ్వు చెప్పు."

"జెర ఆగుండ్రి సార్. ఇంటికి పోయొస్త."

మధ్యాహ్నం రుద్రారం బస్సు నిండా హాస్టల్ పిల్లలు. నిలబడే వచ్చాడు. ఇంటి ముందు ముత్యమ్మ చాటలో బియ్యం పెట్టుకుని, వేళ్లతోనే రాళ్లు ఏరుతోంది. అడుగుల చప్పుడు విని తలెత్తింది.

"గిప్పుడొచ్చినవేంది కొడుకా? బండి అయ్యిందా?"

"కాలే. అవ్వా, బోనాల నాడు బండికి శాక పోసినవ్ గద."

"పోసిన. ఏ యేడు పొయ్యలే?"

"చక్రాలకే పోసినవా?"

ముత్యమ్మ చేతులు చాటలో ఆగాయి. తప్పు చేసినట్టు కాదు, కొడుకు చివరకు అడిగినందుకు సంతోషపడినట్టు.

"చక్రాలకు పోస్తే ఏం తాగుతదిరా? ఇన్నేండ్లు కాళ్లకు పోసుకుంటనే వస్తిమి. గంపెడు కష్టం చేస్తది, గిరాకీ లేక నిలబడుతుండె. నువ్వు రోజు గుబులు గుబులుగుంటివి. గందుకే ఈసారి నోట్లెనే పోసిన. మూత మీద గుడ్డుండె, తీసిన. చెంబెడు మొత్తం పోసి మల్ల గట్లనే గుడ్డ సుట్టిన. కడుపు సల్లగుంటదని." ఆమె మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టింది. "జైపాలే గద పక్కన నిలబడ్డది. జనం తోస్తరు, జెర పట్టు బిడ్డా అంటే చెంబు పట్టిండు. మంచి పోరడు. నువ్వే మాట్లాడుతలెవ్వు."

"జైపాల్ చూసిండా నువ్వు పోసేది?"

"సూడడా? పెద్దవ్వా, గందుల పొయ్యొద్దు, బండి ఖరాబైతది అన్నడు. అప్పటికే పోసిన. ఏం కాదు పో, అమ్మోరి నీళ్లు అన్న. నీకు చెప్తనన్నడు. చెప్పలేదా?"

జైపాల్ అందుకే ట్యాంకుకు ఆనుకుని నిలబడ్డాడు. తనకు చెబుదామని. జనంలోంచి తాను వస్తుంటే చూసి, తన మొహం చూసి, బీడీ పడేసి వెళ్లిపోయాడు. ఠాణాలో మూడుసార్లు బెంచీ మీద కూర్చుని కూడా ముసలామె పేరు ఎత్తలేదు. షెడ్డులో తలుపు దగ్గర నిలబడి కూడా ఎత్తలేదు.

"చెప్పిండు," అన్నాడు వెంకటేశం. "నేనే వినలే."

"మల్ల పొయ్యాల్నా కొడుకా? బాగైతదంటే పోస్త."

"వద్దవ్వా. ఇప్పుడైతే వద్దు."

మూడున్నరకు షెడ్డుకు తిరిగొచ్చాడు. సీసా అలాగే ఉంది. గుడ్డ మీద ఆకులూ అలాగే ఉన్నాయి. వెంకటేశం క్యాబిన్ ఎక్కి కూర్చున్నాడు. ఇక్కడ కూర్చుంటే రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వినపడుతుంది. ఏది లోడుతో పోతోంది, ఏది ఖాళీగా పోతోంది, ఏ డ్రైవరు తొందరలో ఉన్నాడు అంతా తెలుస్తుంది. ఆ గుంపులో ఇంకో నెలలో తనూ ఉండొచ్చు. ఆకులు మూడు తీసేస్తే చాలు. మలుపు దగ్గర సొంత బండిలో కూర్చుని చెయ్యి హారన్ మీద పెట్టుకుని ఉండొచ్చు. కానీ ఎవరి కోసం పెట్టుకుని ఉంటాడు?

సర్వేయరు వచ్చి బ్యాగు బల్ల మీద పెట్టాడు. వెంకటేశం దిగి, జాలీ తెచ్చి అతని ముందు పెట్టాడు.

"సార్, ఇది మా అవ్వ పోసింది. బోనాల శాక. ఎవలు పాడు చెయ్యలే."

పవన్‌కుమార్ ఆకులు చూశాడు, సూర్యారావు వైపు చూశాడు. సూర్యారావు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"అన్నా, ఇది రాస్తే మీకు ఏమీ రాదు. తెలుసు కదా?"

"తెలుసు."

"పోలీసు కాగితం ఉందిగా. నాకు చెప్పకపోయినా..."

"ఆ కాగితంల ఇంకొకని పేరుంది సార్."

సర్వేయరు పెన్ను తీసి కొంచెంసేపు పట్టుకుని, రాశాడు. పోతూ పోతూ వెనక్కి వచ్చి, "మీ అమ్మగారికి చెప్పారా, దీని వల్లే అని?" అని అడిగాడు.

"లేదు సార్. చెప్తే వచ్చే యేడు పొయ్యదు," అన్నాడు వెంకటేశం.

ఠాణాలో కంప్లైంటు వెనక్కి తీసుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. పోలీసుల్ని ఊరికే తిప్పినందుకు తిట్లు తిన్నాడు. జైపాల్ బండికి గేటు తెరుచుకుంది. అదే సాయంత్రం వెంకటేశం వాళ్లింటికి పోయాడు. జైపాల్ భార్య ప్రియాంక గడపలోకి వచ్చి, "లేడన్నా, బయటికి పోయిండు," అంది. జైపాల్ చెప్పులు గడప పక్కనే ఉన్నాయి. లోపల టీవీ నడుస్తోంది. "వచ్చినంక చెప్పు వదినా, శాక సంగతి తెలిసిందని చెప్పు. అంతే," అన్నాడు. టీవీ చప్పుడు ఆగింది. ఇంకేమీ కాలేదు.

బండిని తాడు కట్టి లాక్కొచ్చి ఇంటి పక్క జాగాలో నిలిపారు. తాడు కట్టిన బండిలో స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడం వెంకటేశానికి పాతికేళ్ల సర్వీసులో అదే మొదటిసారి. ఇంజన్ చప్పుడు లేకుండా తన బండి ఇస్నాపూర్ దాటుతుంటే కింద టైర్ల చప్పుడు, దండ దారానికి మిగిలిన ఎండు బంతిపువ్వు అద్దానికి తగిలే చప్పుడు వినపడ్డాయి.

ఇప్పుడతను ఒక కాలేజీ బస్సు నడుపుతున్నాడు. పిల్లల్ని ఎక్కించుకోవడానికి ఏడున్నరకు పోతే చాలు. అయినా ఐదింటికే లేచి, చాయ్ గ్లాసు పట్టుకుని తన డీసీఎం క్యాబిన్‌లో కూర్చుంటాడు. సీటు రెక్సిన్ చిరిగింది. డ్యాష్‌బోర్డు మీద దుమ్ము పేరుకుంటే చేత్తో తుడుస్తాడు. తుక్కు కింద ఇచ్చెయ్యమని శ్రీలత అంటే, ఇద్దాంలే అంటాడు.

కార్తీకం మొదట్లో ఒక పొద్దున, ఊరి లోపలి నుంచి బండి చప్పుడు వచ్చింది. జైపాల్ గేరు మార్చే తీరు వెంకటేశానికి నిద్రలో కూడా తెలుసు. బండి మలుపు దగ్గరికి వచ్చింది. నెమ్మదించింది. ఒక హారన్ మోగింది.

లోపలి నుంచి ముత్యమ్మ గట్టిగా అంది. "కొడుకా! జైపాల్ బండేనా? ఒకటే కొట్టిండేంది?"

"బర్రె అడ్డమొచ్చిందేమో అవ్వా."

"బర్రె ఏడిది గీ పొద్దుల?"

వెంకటేశం మలుపు వైపు చూశాడు. చెయ్యి తన స్టీరింగ్ మధ్యన ఉంది. బ్యాటరీ ఎప్పుడో పోయింది, నొక్కినా మోగదు. అయినా నొక్కాడు, రెండుసార్లు. మలుపులో బండి ఇంకా పూర్తిగా తిరగలేదు. వెనక ఎర్రలైటు గోడ మీద పడుతోంది. చాయ్ చల్లారిపోతోంది. లోపల ముత్యమ్మ పొయ్యి అంటించకుండా, అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని, రెండో దాని కోసం చెవులు రిక్కించి నిలబడి ఉంది.